జెనీవా దాకా మన పిల్లల మాట ఎవరు తీసుకెళ్ళాలి?

పోస్టు కొంచెం పెద్దది. డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నవాళ్ళు, పీజీ చేస్తూ "తర్వాత ఏంటి" అని ఆలోచిస్తున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

ఏటా ఆగస్టు 9న మనం ర్యాలీ తీస్తాం. డప్పు, డోలు, కొమ్ము డ్యాన్సు, థింసా, అన్నీ ఉంటాయి. పొద్దున్నుంచి స్టేటస్‌లే స్టేటస్‌లు. ఆ తేదీనే ఎందుకు అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. 1982 ఆగస్టు 9న జెనీవాలో ఆదివాసీ ప్రజల మీద ఐక్యరాజ్యసమితి కార్యబృందం మొదటిసారి కూర్చుంది. దాని గుర్తుగా 1994లో ఆ రోజుని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. అంటే మనం పండగ చేసుకునేది ఒక మీటింగు మొదలైన రోజుని. ఆ మాటలు, వాదనలు పాతికేళ్ళు సాగి 2007 సెప్టెంబర్ 13న ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన వచ్చింది. ఓపిగ్గా కూర్చుని, కాగితాలు రాసి, ఒక్కో పదం కోసం కొట్లాడిన మనుషులు ఉన్నారు కాబట్టి వచ్చింది.

అలాంటి గదుల్లో మన పిల్లల గురించి మాట్లాడేవాళ్ళలో మనోళ్ళు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నా. అతిథిగా పిలిపించుకుని, డ్రెస్ వేసుకుని ఫోటో దిగి వచ్చే పని గురించి కాదు నేను చెప్పేది. ఉద్యోగంగా, వృత్తిగా. టీచర్, వీఆర్వో, కానిస్టేబుల్, గ్రూప్స్ అని మనం వేసుకునే లిస్టులో అంతర్జాతీయ బాలల హక్కుల పని కూడా ఒక దారిగా ఉండాలి.

అసలు ఈ రంగం ఏంటి?

దీనికి పునాది 1989 నవంబర్ 20న ఐరాస ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక. మొత్తం 54 ఆర్టికల్స్. 18 ఏళ్ళ లోపు ప్రతి ఒక్కరూ దాని దృష్టిలో పిల్లలే. 1992 డిసెంబర్‌లో మన దేశం అందులో చేరింది. చేరేటప్పుడే బాలకార్మికుల విషయంలో "ఒక్కసారిగా కాదు, దశలవారీగా చేస్తాం" అని ఒక మాట పక్కన రాసుకుంది. అలాంటి పక్కమాటలు చదివి పట్టుకోవడం కూడా ఈ వృత్తిలో ఒక పని.

మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది 30వ ఆర్టికల్. ఆదివాసీ పిల్లలకి తమ సంస్కృతి, తమ మతం, తమ భాష తమవాళ్ళతో కలిసి అనుభవించే హక్కు ఉందని అది స్పష్టంగా చెప్తుంది. 2009లో ఆదివాసీ పిల్లల హక్కుల మీదే ప్రత్యేకంగా 11వ సాధారణ వ్యాఖ్య అని ఒక వివరణ పత్రం కూడా వచ్చింది. గూడెంలో కోయ మాట్లాడే పిల్లవాడు బడికెళ్ళిన మొదటి రోజే తెలుగు పాఠం అర్థంకాక బిక్కమొహం వేస్తాడే, అది హక్కుల ప్రశ్న అని ఆ పత్రం చేతిలో పెట్టుకుని అడగొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కువి, కోయ, గోండి, లంబాడీ వంటి భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చారు. తర్వాత అది ఎక్కడ ఎంత మిగిలిందో మీ ఊరి బడికెళ్ళి చూస్తే తెలుస్తుంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో నెం. 3 కొట్టేసినప్పుడు మనం ఉద్యోగాల గురించి మాట్లాడాం, అది న్యాయమే. కానీ ఆ పిల్లవాడి భాష వచ్చిన టీచర్ అతని బడిలో ఉండాలన్న వాదన ఎంత గట్టిగా వినిపించింది?

ఒడంబడిక అమలుని చూసేది జెనీవాలోని 18 మంది నిపుణుల కమిటీ. ప్రతి దేశం అప్పుడప్పుడు రిపోర్టు ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చేది ఒక రిపోర్టయితే, సంస్థలు, పిల్లలు కూడా తమ వైపు నుంచి ప్రత్యామ్నాయ నివేదిక పంపొచ్చు. 2014లో మన దేశం వంతు వచ్చింది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల నుంచి వివరాలు ఎవరు రాస్తారు? ఢిల్లీలో కూర్చున్న సంస్థ రాస్తే "గిరిజన ప్రాంతాల్లో పరిస్థితి ఆందోళనకరం" అని ఒక్క వాక్యం వస్తుంది. ఏ వాగు దాటలేక ఏ బడి ఎన్ని రోజులు మూతపడిందో మనోడే రాయగలడు.

ఇదంతా మనకి దూరం అనుకుంటారు, కాదు

అంతర్జాతీయం అనగానే ఆఫ్రికా, సిరియా గుర్తొస్తాయి. కానీ ఈ రంగంలో పెద్ద పెద్ద అంశాలు అనుకునేవి మన ఇంటి ముందే జరిగాయి.

1999లో, మళ్ళీ 2001లో నల్గొండ జిల్లా తండాల ఆడశిశువుల సంగతి గుర్తుందా? పేదరికం, కట్నం భయం ఆసరా చేసుకుని దళారులు పసిపిల్లల్ని కొని దత్తత కేంద్రాలకి చేర్చారు. అక్కడి నుంచి పిల్లల్ని విదేశాలకి పంపే ఏర్పాటు. పెద్ద దుమారం రేగింది. అప్పుడంతా తల్లుల్నే తిట్టారు. డబ్బు ఎక్కడి నుంచి మొదలై ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది తక్కువమంది అడిగారు. దేశాంతర దత్తత మీద హేగ్ ఒప్పందం 1993లోనే ఉంది, మన దేశం 2003లో ఆమోదించింది. ఆ రోజుల్లో ఆ ఒప్పందం తెలిసిన లంబాడీ లాయరమ్మ ఒకరు ఉండి ఉంటే ఆ తల్లుల తరఫున వేరే కథ నడిచేదేమో.

2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి గొత్తికోయ కుటుంబాలు ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి అడవుల్లోకి వచ్చాయి. 2007 డిసెంబర్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ దంతెవాడ, ఖమ్మం వచ్చి ఆ పిల్లల చదువు, ఆరోగ్యం చూసింది. ఐరాస భాషలో వీళ్ళు "దేశంలోపలే నిర్వాసితులైన పిల్లలు". ప్రపంచంలో ఈ అంశం మీద పెద్ద పెద్ద కోర్సులున్నాయి. మనకేమో పక్క గుంపు. వాళ్ళ పిల్లలకి కుల సర్టిఫికెట్ దగ్గర్నుంచి రేషన్ దాకా ఏది ఎక్కడ ఆగిపోతుందో ఏ ప్రొఫెసర్ కన్నా మీకే బాగా తెలుసు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటింది. పునరావాస కేంద్రాల్లో పనిచేసిన కుర్రాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు. పిల్లలకి విడిగా చోటు చూపడం, తప్పిపోయిన వాళ్ళ పేర్లు రాసుకోవడం, ఆడపిల్లల బాత్రూం దగ్గర లైటు పెట్టించడం, ఇవన్నీ మీరు సేవ అనుకుని చేశారు. బయట దీన్ని విపత్తుల్లో బాలల రక్షణ అంటారు, దానికి ప్రత్యేకంగా ఉద్యోగులుంటారు. మీరు చేసిన పనికి ఒక పేరుందని తెలియకపోతే బయోడేటాలో రాసుకోరు కదా.

ఇద్దరి గురించి చెప్తా

కెనడాలో సిండీ బ్లాక్‌స్టాక్ అని ఒక ఆదివాసీ మహిళ ఉన్నారు. గిత్‌క్సాన్ జాతి. బ్రిటిష్ కొలంబియాలో పిల్లల రక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌గా మొదలుపెట్టారు. ఆదివాసీ పిల్లల సంక్షేమానికి ప్రభుత్వం మిగతా పిల్లల కన్నా తక్కువ డబ్బు ఇస్తోందని లెక్కలు తీసి 2007లో కెనడా మానవ హక్కుల సంస్థకి ఫిర్యాదు చేశారు. తొమ్మిదేళ్ళు పట్టింది. 2016 జనవరిలో ట్రిబ్యునల్ అది వివక్షేనని తీర్పు ఇచ్చింది. 2023లో 2,300 కోట్ల కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం ఒప్పందం కోర్టు ఆమోదం పొందింది.

ఆ పోరాటంలో జోర్డాన్ అనే క్రీ జాతి పిల్లవాడి పేరు మీద ఒక సూత్రం ఉంది. పుట్టుకతోనే జబ్బు. ఇంటికి పంపొచ్చని డాక్టర్లు చెప్పాక కూడా ఇంటి దగ్గర వైద్యం ఖర్చు కేంద్రం భరించాలా, రాష్ట్రం భరించాలా అని రెండు ప్రభుత్వాలు తగువులాడుకున్నాయి. బాబు 2005లో ఐదేళ్ళ వయసులో ఆస్పత్రిలోనే చనిపోయాడు. మొదట పిల్లవాడికి సేవ అందాలి, బిల్లు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోవాలి అనేదే ఆ సూత్రం. రోడ్డు వేయాల్సింది ఫారెస్టా, ఆర్ అండ్ బీనా, ఐటీడీఏనా అని ఫైలు తిరుగుతుంటే డోలీలో గర్భిణిని మోసుకెళ్ళే మనకి ఇది వేరే దేశం కథలాగ అనిపిస్తుందా? ఆమె దగ్గరున్న ఆయుధం ఉపన్యాసం కాదు, బడ్జెట్ లెక్కలు. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది మన దగ్గరిదే. సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా గారు 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ ద్వారా పని చేశారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే, అందరూ పగటి బడిలోనే ఉండాలి అన్నది వాళ్ళ మాట. వెనకబడ్డ పిల్లలకి బ్రిడ్జి క్యాంపులు పెట్టారు. ఆ పద్ధతే తర్వాత యూరప్ సంస్థల ప్రచారానికి ఆధారమైంది, ఆఫ్రికా దేశాల్లో బాలకార్మికులు లేని ప్రాంతాలు అనే పేరుతో అమలైంది. ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, జాతీయ కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయ్యారు. మండలంలో పుట్టిన ఆలోచన ఖండాలు దాటింది. అలాగే 1996లో ముంబైలో టిస్ ప్రాజెక్టుగా మొదలైన చైల్డ్‌లైన్ 1098 వెనక ఉన్న జెరూ బిలిమోరియా, 2003లో ఎన్నో దేశాల హెల్ప్‌లైన్లని కలిపి చైల్డ్ హెల్ప్‌లైన్ ఇంటర్నేషనల్ పెట్టారు.

అందుకే నా సలహా మామూలుగా చెప్పేదానికి తలకిందులు. ముందు విదేశీ మాస్టర్స్, తర్వాత అనుభవం అని అందరూ అంటారు. నేనంటా, ముందు రెండేళ్ళు జిల్లాలో పని, తర్వాతే విదేశం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకటి, జిల్లా. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ ఉంటాయి. 1098కి కాల్ వస్తే తర్వాత ఏం జరుగుతుందో దగ్గరుండి చూడండి. విద్యాహక్కు చట్టం 2009, పోక్సో 2012, జువెనైల్ జస్టిస్ చట్టం 2015, బాల్యవివాహాల నిషేధ చట్టం 2006, బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, ఈ ఐదూ తెలుగులో అయినా పూర్తిగా చదవండి. గైడ్లు కాదు, చట్టాలే. మిర్చి కోతల సీజన్లో ఖమ్మం పొలాలకి తల్లిదండ్రులతో వచ్చే పిల్లల విషయంలో ఏ చట్టం ఎక్కడ పనికొస్తుందో మీరు చెప్పగలగాలి.

రెండు, రాయడం. మనలో మాట్లాడేవాళ్ళు ఎక్కువ, రాసేవాళ్ళు తక్కువ. ఈ రంగం మొత్తం రాతల మీద నడుస్తుంది. తేదీ, చోటు, ఎంతమంది, ఎవరు చెప్పారు, మీరు కళ్ళతో చూసిందేంటి, విన్నదేంటి, వీటిని విడదీసి ఒక పేజీలో రాయడం అలవాటు చేసుకోండి. ముందు తెలుగులో, తర్వాత అదే ఇంగ్లీషులో. యాస గురించి ఎవరూ పట్టించుకోరు, వాక్యం అర్థమైతే చాలు.

మూడు, భాషలు. మీ తల్లిభాషని భాషల వరసలో ధైర్యంగా రాయండి. గోండి ఎన్నో రాష్ట్రాల్లో ఉంది, కువి, సవర ఒడిశాలోనూ మాట్లాడతారు, బంజారా దేశమంతా ఉంది. వీటితో పాటు ఫ్రెంచ్ నేర్చుకోమంటా. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో చాలా ఉద్యోగాలకి ఫ్రెంచ్ కావాలి, జెనీవాలోనూ అదే ఊరి భాష. హైదరాబాద్ ఇఫ్లూలో నేర్పుతారు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, సంతలో ఒకటి మాట్లాడుతూ పెరిగిన మనకి నాలుగో భాష కొండెక్కడం కాదు.

నాలుగు, చదువు. టిస్‌లో సోషల్ వర్క్, నల్సార్‌లో లా, బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో బాలల హక్కుల చట్టం మీద పీజీ డిప్లొమా ఉన్నాయి. యూనిసెఫ్ వాళ్ళ అగోరా పోర్టల్లో కోర్సులు ఉచితం. విదేశంలో నెదర్లాండ్స్ లైడెన్ యూనివర్సిటీలో, జెనీవా యూనివర్సిటీలో ఇదే సబ్జెక్టు మీద మాస్టర్స్ ఉన్నాయి. అప్పు చేసి వెళ్ళొద్దు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి ఇస్తుంది. అందులో 3 చెంచు, కొండరెడ్డి, కొలాం, తోటి వంటి పీవీటీజీలకి. కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. దేశం మొత్తం మీద 20 అంటే ఎంత తక్కువో మీకే తెలుసు, ఆ సంఖ్య పెంచమని అడగడం కూడా మన డిమాండ్లలో ఉండాలి. బ్రిటన్ చెవెనింగ్‌కి రెండేళ్ళ పని అనుభవం తప్పనిసరి. జిల్లాలో రెండేళ్ళు అన్నది ఇందుకు కూడా.

ఐదు, తలుపులు. యూనిసెఫ్ హైదరాబాద్ ఆఫీసు రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు కర్ణాటకని చూస్తుంది. యూనిసెఫ్ ఇంటర్న్‌షిప్‌లకి చదువుతున్నవాళ్ళు, చదువయ్యి రెండేళ్ళు దాటనివాళ్ళు అప్లై చేయొచ్చు, స్టయిపెండ్ ఉంటుంది. ఐరాస వాలంటీర్ల కార్యక్రమంలో మన దేశంలోనే పనిచేసే పోస్టులు పడుతుంటాయి. ఐరాస మానవ హక్కుల ఆఫీసు ఆదివాసీల కోసమే జెనీవాలో ఫెలోషిప్ నడుపుతుంది, పెద్ద డిగ్రీలు లేకపోవడం దానికి అడ్డు కాదు. 1985లో పెట్టిన స్వచ్ఛంద నిధి ఐరాస సమావేశాలకి వెళ్ళే ఆదివాసీ ప్రతినిధుల ఖర్చు భరిస్తుంది. ఈ రెండింటికీ మీ ఆదివాసీ సంఘం సిఫార్సు లెటర్ కావాలి. మన సంఘాల్లో ఎన్నింటికి రిజిస్ట్రేషన్ ఉంది, ఎన్నింటికి మినిట్స్ బుక్ ఉంది, ఎన్నింటికి ఒక ఈమెయిల్ ఉంది? పెద్దలు కూడా ఈ పేరా చదివితే బాగుండు.

డబ్బు సంగతి దాచను

ఇది సర్కారు నౌకరీ కాదు. ఎక్కువ భాగం ఆరు నెలలు, ఏడాది కాంట్రాక్టులు. ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి. 2020లో విదేశీ విరాళాల చట్టం బిగించాక చిన్న సంస్థలకి డబ్బు దారి మూసుకుపోయింది. 2025లో అమెరికా యూఎస్ఎయిడ్‌ని మూసేసింది, ప్రపంచమంతా ఎన్నో సంస్థలు మనుషుల్ని తీసేశాయి. ఇంటికి పెద్దకొడుకు అయ్యుండి, చెల్లి పెళ్ళి, నాయన మందులు మీ మీదే ఉంటే ముందు టీచర్ ఉద్యోగమే కొట్టండి, అందులో తప్పేమీ లేదు. ఆశ్రమ పాఠశాలలో మంచి టీచర్ కూడా బాలల హక్కుల కార్యకర్తే. రెండూ కలిపి నడపొచ్చు. డీఎస్సీకి చదువుతూ వారానికి ఒకరోజు ఈ పని చేయండి, మూడేళ్ళకి చేతిలో రెండు దారులుంటాయి.

ఇంకో ప్రమాదం ఉంది. పెద్ద సంస్థలు మనల్ని ఎంతకాలమైనా దుబాసీగా, ఊళ్ళోకి తీసుకెళ్ళే మనిషిగా వాడుకుంటాయి. వివరాలన్నీ మనం సేకరిస్తాం, రిపోర్టు మీద పేరు ఇంకొకరిది. చేరేటప్పుడే అడగండి, నా పేరు ఎక్కడుంటుంది, రాసే పని ఎప్పుడిస్తారు అని. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనకి చాలా ఖరీదైంది.

చివరగా, మన ఇంటి సంగతి

ఆశ్రమ పాఠశాలలో ఏదైనా ఘోరం జరిగినప్పుడు మన గ్రూపుల్లో ఏం జరుగుతుంది? గంటలోపల ఆ పాప ఫోటో, పేరు, ఊరు, తల్లి ఏడుస్తున్న వీడియో వచ్చేస్తాయి. న్యాయం కావాలన్న కోపంతోనే పెడతాం. కానీ జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, పోక్సో 23వ సెక్షన్ ఆ వివరాలు బయటపెట్టడాన్ని నేరం అంటున్నాయి. రేపు ఆ పాప కాలేజీకెళ్ళాలి, సంతకెళ్ళాలి, బతకాలి. యూనిసెఫ్ ఇంటర్వ్యూ కన్నా ముందు ఈ పరీక్ష మన ఫోన్లోనే ఉంది. ఈ గ్రూపులో అలాంటి పోస్టు కనబడితే ఎవరు పెట్టినా తీసేయాలని అడ్మిన్లని కోరుతున్నా.

బాల్యవివాహాల విషయమూ అంతే. "అది మన ఆచారం" అని కప్పుకోవద్దు. సంస్కృతి పేరుతో పిల్లల మిగతా హక్కుల్ని కాదనలేమని పైన చెప్పిన 11వ సాధారణ వ్యాఖ్యే అంటోంది. అలాగని బయటివాళ్ళొచ్చి సెలవురోజు అమ్మతో ఇప్పపువ్వు ఏరుకునే పిల్లని బాలకార్మికురాలని రాస్తే అదీ ఒప్పుకోవద్దు. అడవిలో అమ్మ వెనక తిరుగుతూ నేర్చుకునేదానికీ, బడి మాని కూలికి పోవడానికీ తేడా చెప్పగలిగేది రెండూ చూసినవాళ్ళే. ఆ తేడా రాతలో పెట్టగల మనిషి ప్రపంచంలో ఏ కమిటీకైనా కావాలి.

ఆసక్తి ఉన్నవాళ్ళు ఈ నెలలో రెండు పనులు చేయండి. ఒడంబడికలో 54 ఆర్టికల్స్ చదవండి. మీ ఊరి బడి గురించి, పిల్లల పేర్లు లేకుండా, ఒక పేజీ రాయండి. కింద కామెంట్‌లో పెట్టండి, నాకు తెలిసినంతలో దిద్ది పెడతా. పది పేజీలు వస్తే వచ్చే ఆగస్టు 9కి మన దగ్గర స్టేటస్ కన్నా గట్టిది ఒకటుంటుంది.

జోహార్.